మిరపచేలో ఏటీపీ లెక్క

ఫిబ్రవరి నెల, తెల్లవారుజాము అయిదున్నర. నందిగామలో చందర్లపాడు వైపు దారి తిరిగే చోట నిలబడ్డారు మీరు. చీకటి ఇంకా పూర్తిగా విడిపోలేదు. హైదరాబాదు–విజయవాడ హైవే మీద జగ్గయ్యపేట వైపు నుంచి వస్తున్న సిమెంటు లారీల మోత ఆగకుండా వినిపిస్తోంది. టీ బడ్డీ ముందు ఆటో ఆగింది. చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కుని, తలకు తువాళ్లు చుట్టుకుని, చేతుల్లో క్యారేజీలూ నీళ్ల సీసాలూ పట్టుకుని ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు ఎక్కుతున్నారు. మిరప కోతకు వెళ్లే ముఠా ఇది. "తొందరగా ఎక్కండమ్మా, పొద్దెక్కుతోంది" అంటోంది మేస్త్రమ్మ.

చివరగా ఎక్కినామెను చూడండి. ముప్పై అయిదేళ్లుంటాయి. రాత్రి ఎనిమిదింటికి అన్నం, పప్పు తింది. మళ్లీ నోట్లో మెతుకు పడలేదు. ఈ క్షణాన ఆమె రక్తమంతటిలో ఉన్న గ్లూకోజు సుమారు నాలుగు గ్రాములు. అంటే ఒక టీస్పూను పంచదారంత. ఒక్క మెదడే గంటకు అయిదు గ్రాముల దాకా వాడుకుంటుంది. ఆ లెక్కన ఆమె ఆటో దిగేలోపే సొమ్మసిల్లాలి. కానీ పక్కనున్న పిల్లతో పరాచికాలాడుతోంది. రాత్రంతా ఆమె కాలేయం తన నిల్వలోంచి గంటకు ఇంచుమించు ఆరు గ్రాముల చొప్పున రక్తంలోకి గ్లూకోజు వదులుతూనే ఉంది. ఖర్చయ్యేదెంతో జమ అయ్యేదీ అంతే.

నిల్వ తీయమని కాలేయానికి చెప్పిందెవరు? జీర్ణాశయం వెనకాల ఉండే క్లోమం. అందులోని బీటా కణాలు ఇన్సులిన్‌ను తయారుచేస్తాయి. గ్లూకోజు తక్కువగా ఉందో ఎక్కువగా ఉందో కనిపెట్టడానికి ఆ కణం పాటించే పద్ధతి ఒక్కటే: వచ్చిన గ్లూకోజును తానే కాల్చుకుని, ఎంత శక్తి పుట్టిందో చూసుకోవడం. ఆ శక్తి ఏటీపీ అనే అణువు రూపంలో ఉంటుంది. కణం పై పొరలో పొటాషియం బయటికి జారిపోయే సన్నని దారులున్నాయి. ఏటీపీ పెరిగితే అది వెళ్లి ఆ దారులను మూసేస్తుంది. అప్పుడు పొర మీద విద్యుత్ స్థితి మారి, కాల్షియం లోపలికి వస్తుంది, ఇన్సులిన్ బయటికి వెళుతుంది. 1984లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రాన్సెస్ యాష్‌క్రాఫ్ట్, ఆమెతో పనిచేసినవాళ్లు బీటా కణం మీద ఒకే ఒక్క దారి తెరుచుకుని మూసుకోవడాన్ని విద్యుత్ సంకేతంగా పట్టుకున్నారు. కణానికి గ్లూకోజు అందగానే ఆ దారి మూసుకుపోయింది.

ఆటోలో కూర్చున్నామె రక్తంలో ఇప్పుడు గ్లూకోజు తక్కువగానే ఉంది. ఆ దారులు తెరిచి ఉన్నాయి. ఇన్సులిన్ పలచబడింది, దానికి ఎదురు పనిచేసే గ్లూకగాన్ పెరిగింది. అందుకే కాలేయం గాదె తలుపు తీసింది.

ఆరున్నర. ఆటో దిగి గట్టు వెంట నడుస్తున్నారు. నల్లరేగడి మట్టి రాత్రి మంచుకు తడిసి చెప్పులకు అంటుకుంటోంది. చేను ఎర్రగా పండింది. ఆమె కొంగు నడుముకు బిగించి ఒడి కట్టుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ గుడ్డ పీలికలు చుట్టుకుంది. అవి లేకపోతే మధ్యాహ్నానికి వేళ్లు మంటెత్తి, రాత్రి పిల్లాడికి అన్నం కలిపి పెట్టడానికి కూడా పనికిరావు. నడుము వంచింది. సాలులో రెండు చేతులూ ఒకేసారి ఆడుతున్నాయి. పండు కాయను తొడిమతో సహా పైకి తిప్పి తుంచుతోంది, పచ్చి కాయను వదిలేస్తోంది. ఒడి నిండగానే లేచి, గట్టు మీద పట్టా దాకా నడిచి గుమ్మరించి, మళ్లీ వచ్చి వంగుతోంది.

ఆమె తొడ కండరంలో ఒక పోగులోకి దిగండి. ముడుచుకునే ప్రతిసారీ అక్కడ ఏటీపీ విరుగుతోంది. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. ఒకటి ఊడితే మిగిలేది ఏడీపీ, రెండు ఊడితే ఏఎంపీ. ఒక మనిషి ఒంట్లో ఒక సమయంలో ఉండే ఏటీపీ మహా అయితే పాతిక తులాలు. కానీ అదే ఏటీపీ విరిగి, తిరిగి అతుక్కుని, రోజు గడిచేసరికి మొత్తం ఆ మనిషి బరువుకు తక్కువ కాని లెక్క తేలుతుంది. దాచుకునే వస్తువు కాదది, నిమిషం నిమిషం కొత్తగా పుట్టించుకోవలసినది.

ఈ అణువు కథలో మనవాడొకడున్నాడు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో బోస్టన్ చేరి, రాత్రిళ్లు ఆస్పత్రిలో కూలి పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పరిశోధనకు కుదిరాడు. ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలం రంగు చిక్కదనాన్ని బట్టి చెప్పే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. జీవరసాయన విద్యార్థులు దాన్ని ఇప్పటికీ ఫిస్క్–సుబ్బారో పద్ధతి అనే నేర్చుకుంటారు. ఆ పరీక్షను కండరపు సారం మీద చేసినప్పుడు ఒక వింత ఎదురైంది. నీలం ఒక్కసారిగా వచ్చి నిలవడం లేదు. చూస్తుండగా ఇంకా ముదురుతోంది. అంటే ఫాస్ఫరస్ అక్కడ ఊరికే లేదు, దేన్నో పట్టుకుని ఉండి, పరీక్ష ద్రావణంలో మెల్లమెల్లగా ఊడి వస్తోంది. మరొకరైతే పరీక్ష సరిగ్గా కుదరలేదనుకుని పారబోసేవాళ్లు. వాళ్లు దాని వెంటపడి, 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను బయటపెట్టారు. కండరం పనిచేస్తే అది తగ్గుతుందనీ, విశ్రాంతి ఇస్తే మళ్లీ పుంజుకుంటుందనీ చూపించారు. 1929లో కండరంలోంచే ఏటీపీని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు.

ఆ రెండు పదార్థాలూ ఇప్పుడు మీ కళ్లెదుటే పనిచేస్తున్నాయి. ఆమె ఒడి నింపుకుని బరువుగా లేచిన ఆ తొలి క్షణాల్లో ఏడీపీకి ఫాస్ఫేటును తిరిగి అంటించేది ఫాస్ఫోక్రియేటిన్. అది తగ్గుతున్నకొద్దీ కణం ఇంకో పని చేస్తుంది: రెండు ఏడీపీలను జతచేసి ఒక ఏటీపీని రాబడుతుంది, ఒక ఏఎంపీని మిగులుస్తుంది. ఈ మిగులులోనే కిటుకంతా ఉంది. మామూలుగా ఏఎంపీ చాలా తక్కువ, ఏటీపీలో ఇంచుమించు నూరో వంతు. అందుకని ఏటీపీ పదో వంతు తగ్గితే ఆ తగ్గుదల కంటికి ఆనదు గానీ, ఏఎంపీ ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. తెలివిగల ఇల్లాలు గాదెలో ధాన్యం కొలవకుండా చేటలో మిగిలిన నూకలు చూసి ఇంట్లో తిండిగింజల పరిస్థితి చెప్పేసినట్టు, కణం ఏఎంపీని చూసి తన శక్తి ఎంతలో ఉందో తెలుసుకుంటుంది.

ఆ నూకలను లెక్కించే ఎంజైమే ఏఎంపీకే. స్కాట్లండులోని డండీలో గ్రహమ్ హార్డీ, ఆయన సహచరులు 1980ల చివర్లో దానికి ఆ పేరు ఖాయం చేశారు. దాని మూడు భాగాల్లో ఒకటి ఏఎంపీని పట్టుకుంటుంది. పట్టుకోగానే ఎల్‌కేబీ1 అనే మరో ఎంజైము వచ్చి దానికి ఒక ఫాస్ఫేటును తగిలిస్తుంది. అంతటితో దాని శక్తి వంద రెట్లకు పైగా పెరుగుతుంది. అప్పుడది కణానికి రెండు ఆజ్ఞలిస్తుంది. కాల్చు. కట్టకు. కొవ్వును కాల్చు, గ్లూకోజు తెచ్చుకో. కొత్త కొవ్వు, కొత్త కొలెస్టరాల్, కొత్త ప్రోటీన్ కట్టడం ఆపు.

కట్టే పనికి వేరే పెద్ద ఉంది, టార్ అనే ప్రోటీన్. 1991లో స్విట్జర్లండులోని బాసెల్‌లో జోసెఫ్ హైట్‌మన్, ఎన్. రావు మొవ్వ, మైకేల్ హాల్ ఈస్టు కణాల్లో దాన్ని గుర్తించారు. తిండి, ముఖ్యంగా అమైనో ఆమ్లాలు, పుష్కలంగా ఉంటే టార్ కణాన్ని పెంచుతుంది. కొరత వస్తే ఏఎంపీకే దాన్ని ఆపుతుంది. ఆరోగ్యమంటే ఈ రెంటికీ రోజులో తమ తమ వంతు రావడమే.

ఇప్పుడు ఆమె తొడ కండరపు పోగు పై పొరను చూడండి. గ్లూకోజును లోపలికి తెచ్చే గ్లూట్‌-4 ప్రోటీన్లు కణం లోపలి నుంచి పైకి చేరుతున్నాయి. భోజనం చేశాక ఈ పని చేయించేది ఇన్సులిన్. కానీ ఇప్పుడామె పరగడుపున ఉంది, ఇన్సులిన్ అడుగంటింది. అయినా గ్లూట్‌-4 పైకి వస్తోంది, గ్లూకోజు లోపలికి పోతోంది. పిలిచింది కండరపు కదలికే. ఏఎంపీకే, కాల్షియం, పోగు సాగుదల ఇలా ఒకటికి నాలుగు సంకేతాలు కలిసి పిలుస్తాయి. ముడుచుకునే కండరానికి గ్లూకోజు తెచ్చుకోవడానికి ఇన్సులిన్ అనుమతి అక్కర్లేదు. షుగరు వ్యాధి గురించి ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండవలసిన ముఖ్యమైన విషయం ఇదేనని నా నమ్మకం.

ఇక హైవే పట్టుకుని జగ్గయ్యపేట రండి. ఏడున్నరైంది. ల్యాబులో బెంచీ మీద యాభై రెండేళ్ల దుకాణదారు కూర్చున్నాడు. "టీ కూడా తాగలేదు కదా బాబాయ్?" అని అడుగుతూ కుర్రాడు ఆయన మోచేతి పైన రబ్బరు బిగించాడు. "మంచినీళ్లే తాగానయ్యా" అన్నాడాయన. సూది గుచ్చాడు. నల్లటి ఎరుపు రక్తం బూడిదరంగు మూత ఉన్న ట్యూబులోకి దిగింది. కుర్రాడు దాన్ని మెల్లగా తలకిందులుగా అటూ ఇటూ తిప్పాడు. ఆ ట్యూబు అడుగున ఫ్లోరైడ్ ఉంటుంది. ఒంట్లోంచి బయటికొచ్చాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజు తింటూనే ఉంటాయి. అలా వదిలేస్తే గంటకు అయిదారు శాతం చొప్పున రిపోర్టు తగ్గిపోతుంది. ఆ తినడాన్ని ఆపడానికే ఫ్లోరైడ్.

రిపోర్టు చేతికొచ్చింది. 168. ఆయన ముఖం వాడిపోయింది. "రాత్రి ఒక్క పుల్కా తిన్నాను. మళ్లీ ఏమీ ముట్టలేదు. ఈ షుగరెక్కడి నుంచి వచ్చిందయ్యా?"

ఇది ప్రతి ల్యాబులోనూ రోజూ వినిపించే ప్రశ్న. జవాబు కాలేయంలో ఉంది. చేలో ఉన్నామె కాలేయం కొరతను బట్టి కొలిచి గ్లూకోజు వదిలింది. ఈయన కాలేయం కొరత లేకపోయినా వదులుతోంది. ఆపమని ఇన్సులిన్ చెబుతోంది గానీ దానికి వినబడటం లేదు. ఏళ్ల తరబడి ఖర్చుకు మించి వచ్చిన తిండి కాలేయంలోనూ కండరంలోనూ కొవ్వుగా చేరి ఇన్సులిన్ సంకేతాన్ని మధ్యలోనే మందగింపజేసింది. పొద్దున్నుంచి రాత్రి దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి కండరాల్లో ఏఎంపీ గట్టిగా పెరిగే సందర్భమే రాదు. కొరతను కనిపెట్టడానికి పుట్టిన యంత్రాంగం ఆయన ఒంట్లో చెక్కుచెదరకుండా ఉంది. దానికి పని లేదంతే.

ఈ మెట్ట మండలాలు ఒకప్పుడు జొన్న మీద బతికినవి. వానను నమ్ముకున్న చేలు, మైళ్ల కొద్దీ నడక. నాగార్జునసాగర్ కాలువల్లోకి 1967లో నీళ్లొదిలాక ఎడమ కాలువ ఈ వైపుకీ వచ్చింది, వరి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఇంటింటికీ చేరింది. ఆకలి తగ్గింది, అంతకన్నా పెద్ద మేలు లేదు. అదే కాలంలో నడక తగ్గి బండ్లు వచ్చాయి, కూర్చుని చేసే పనులు పెరిగాయి. తిండి నిండుగా వచ్చి, శ్రమ వేరేవాళ్ల పాలైన ఇళ్లలో కణం లెక్క తప్పింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుంది, పెద్దవాళ్లలో 11.4 శాతం.

దుకాణదారు జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. మెట్‌ఫార్మిన్. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ షుగరు రోగులకు వాడి చూపించిన మందు. అది కాలేయ కణాల్లోకి చేరి, ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియాను కొంచెం మందగింపజేస్తుంది. ఏటీపీ ఓ పిసరు తగ్గుతుంది, ఏఎంపీ పెరుగుతుంది, కణం కొరత వచ్చిందనుకుని గ్లూకోజు తయారీ తగ్గిస్తుంది. అందులో ఏఎంపీకే వాటా ఎంత, వేరే దారుల వాటా ఎంత అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. ఒక్కటి మాత్రం స్పష్టం. మాత్ర చేసే పనిలో కొంత, రాత్రి భోజనం అయ్యాక ఆయన కాళ్లే చేయగలవు. అన్నం తిన్న అరగంటకు పావుగంట సేపు గట్టిగా నడిస్తే, ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు ఇన్సులిన్ కోసం చూడకుండా గ్లూకోజు లాక్కుంటాయి. ఆ తర్వాత కొంతసేపటి దాకా ఇన్సులిన్ మాటను కూడా అవి మెరుగ్గా వింటాయి.

మళ్లీ చేలోకి రండి. తొమ్మిదిన్నర. ఎండ చురుక్కుమంటోంది. ముఠాలో అందరికన్నా పెద్దామె, యాభై దాటినామె, సాలు మధ్యలో ఆగిపోయింది. చేతిలో కాయ ఉంది గానీ ఒడిలో వేయడం లేదు. పెదవి పైన చెమట, వేళ్లలో వణుకు.

"ఏందత్తా, అట్లా ఉన్నావ్?"

"ఏం లేదే... ఎండకి."

ఎండకి కాదు. ఆమెకు నాలుగేళ్లుగా షుగరు. తెల్లారి అయిదింటికే మాత్ర వేసుకుంది, భోజనానికి ముందు వేసుకోమన్నారు కదా అని. ఆమె భోజనం మాత్రం పదింటికి, గట్టు మీద. ఆ మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ ఉంది. మన ఊళ్లలో ఎంతోమంది వాడే జత అది. ఇప్పుడామె బీటా కణంలోకి ఒక్కసారి చూడండి. ఆ పొటాషియం దారులను మూయవలసింది ఏటీపీ. గ్లిమిపిరైడ్ ఏటీపీతో పని లేకుండా తానే వెళ్లి వాటిని మూసేస్తుంది. రక్తంలో గ్లూకోజు పడిపోతున్నా ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది. ఆ ఇన్సులిన్ కాలేయాన్ని ఇవ్వొద్దంటుంది. అటు మూడు గంటలుగా వంగి లేస్తున్న కండరాలు ఏఎంపీకే చెప్పిన మాట విని, ఇన్సులిన్‌ను అడగకుండానే గ్లూకోజు గుంజుకుంటున్నాయి. ఇచ్చే చెయ్యి ఆగింది, తీసుకునే చేతులు రెండయ్యాయి. మధ్యలో ఉన్నది ఆ టీస్పూనంత గ్లూకోజు.

రక్తంలో గ్లూకోజు 70కి దిగువకు పడితే ఒళ్లు వణుకుతుంది, చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. ఇంకా పడితే మెదడుకు గ్లూకోజు అందదు, మనిషి పడిపోతుంది. మిరపచేలో చెమట పట్టని మనిషి ఉండదు. అందుకే అక్కడ ఈ గుర్తులు పక్కవాళ్ల కళ్లకు ఆనవు.

మేస్త్రమ్మకు ఆనింది. ఆమె ఇంట్లోనూ షుగరుంది. "కూర్చో, కూర్చో" అంటూ నీడకు తెచ్చి, గ్లాసు నీళ్లలో మూడు నాలుగు చెంచాల పంచదార కలిపి తాగించింది. పావుగంట ఆగింది. వణుకు తగ్గాక క్యారేజీ విప్పి అన్నం తినిపించింది. చేయవలసింది సరిగ్గా అదే, ఆ వరసలోనే. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. గ్లిమిపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి, ఒకసారి తేరుకున్నామె అదే రోజు మళ్లీ పడిపోయే ప్రమాదముంది. ఒంటరిగా వదలకూడదు, ఆస్పత్రికి చూపించాలి.

మాత్రను తప్పుబట్టి ప్రయోజనం లేదు. దుకాణదారు లాంటి వాళ్లను ఎందరినో అది కాపాడుతోంది. ఆ మాత్ర వేళ ఒక రకం మనిషి రోజుకు సరిపోయేలా ఉంది. లేచి, టిఫిను తిని, దుకాణం తీసే మనిషి రోజు అది. తెల్లారకముందే ఆటో ఎక్కి, మూడున్నర గంటలు వంగి పనిచేసి, ఆ తర్వాత తినే మనిషి రోజుకు అదే వేళ ప్రమాదం.

కాబట్టి నందిగామలోనైనా జగ్గయ్యపేటలోనైనా షుగరు మందు రాసే ప్రతి డాక్టరూ రెండు ప్రశ్నలు అడగాలి: ఏం పని చేస్తావమ్మా? పొద్దున మొదటి ముద్ద ఎన్నింటికి తింటావు? డాక్టరు అడగకపోతే రోగే చెప్పాలి, చెప్పలేకపోతే వెంట వచ్చిన కొడుకో కూతురో చెప్పాలి. కోతల కాలం వచ్చిందనీ, పని పెరిగిందనీ, చద్ది తినే వేళ మారిందనీ చెప్పాలి. సొంతంగా మాత్ర మానేయకూడదు, సొంతంగా వేళ మార్చకూడదు. చెప్పి మార్పించుకోవాలి. మాత్ర వేసుకుంటే కడుపులో ఏదో ఒకటి పడ్డాకే ఆటో ఎక్కాలి. మేస్త్రులు తమ ముఠాలో షుగరున్నది ఎవరికో తెలుసుకుని, కాస్త పంచదార పొట్లం దగ్గరుంచుకోవాలి.

కణం తన కొరతను లెక్క తప్పకుండా కొలుస్తుంది, ఏ పూటకు ఆ పూట. భీమవరం నుంచి బోస్టన్ దాకా వెళ్లినవాడు ఆ లెక్కలో మొదటి అంకెను మన చేతికిచ్చి దాదాపు వందేళ్లయింది. మందు చీటీ మీద వేళ రాసేటప్పుడు ఆ మనిషి పని వేళ, తిండి వేళ కూడా చూసి రాయడానికి కొత్త శాస్త్రం అక్కర్లేదు, కొత్త ఖర్చూ లేదు. అడిగే ఓపిక ఉంటే చాలు. ఆ ఓపిక కూలికి వెళ్లే మనిషికీ దక్కాలి.